అంట్లనీళ్ల దారి

ఇది కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. చల్లారితే ఇందులో సగం రాయనని తెలిసి ఇవాళ కూర్చున్నాను.

అమలాపురం నుంచి అల్లవరం వెళ్లే దారిలో, కాలవ వంతెన దాటి రెండు మలుపులు తిరిగితే మా ఇల్లు. మా చర్చి సంఘంలో నాకు కృతజ్ఞత గల మనిషినని పేరు. ఎవరింట్లో ఏ కూడిక జరిగినా ఆఖరి ప్రార్థన నాచేత చేయిస్తారు. పాలు విరిగిపోయినా వదిన స్తోత్రం చెబుతుందని మా ఆడపడుచు వెక్కిరిస్తుంది. ఆవిడ ఇల్లు మా పక్కనే, కాబట్టి వెక్కిరింతకి ఎప్పుడూ లోటు లేదు.

ఇది నాకు చిన్నప్పటి అలవాటు. మా అమ్మ పోయేసరికి నాకు ఎనిమిదేళ్లు, చెల్లెలు ఇంకా చంకపిల్ల. నేను బడికి వెళ్లలేదు. మా నాన్న పగలంతా రైతు చేలో పని చేసి వచ్చి, వెలుగు ఉండగానే నూతి చప్టా మీద ఇటుక ముక్కతో అక్షరాలు రాసి దిద్దించేవాడు. క అంటే కంద. చ అంటే చేమ. బ అంటే బచ్చలి. మా పెరట్లో లేనిదాన్ని ఆయన నాకు అక్షరంగా చెప్పలేదు. దిద్దడం అయ్యాక, ఆ పూట కూరలోకి ఏది కోసుకున్నామో దాని పేరు పెట్టి దేవుడికి స్తోత్రం చెప్పించేవాడు. ఊరికే అన్నిటికీ అని చెబితే ఒప్పుకునేవాడు కాదు. దేనికో చెప్పమ్మా అనేవాడు. నా చదువు అంతే. దానితోనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ పెరడు మా అత్తగారిది. వంటింటి గుమ్మం దిగగానే అంట్లు తోముకోవడానికి నల్లటి చదును రాయి ఒకటి ఉండేది. ఆ రాయి దగ్గర జానెడు వెడల్పు బోదె కాలవ మొదలయ్యేది. నీళ్లు ముందు అరటి దుబ్బులోకి, అక్కడ నిండితే చేమలోకి, చేమ నుంచి బచ్చలి పందిరి కిందికి, ఆఖరున మిగిలింది కొబ్బరి చెట్టు మొదట్లోకి పోయేవి. మా అత్తగారు నాకు వంట కన్నా ముందు ఆ నీళ్ల సంగతి నేర్పింది. బియ్యం కడిగిన నీళ్లు బచ్చలికి. చేపలు కడిగినవి కరివేపాకుకి. పప్పు కడిగినవి ఆనప పాదుకి. గిన్నెలు బూడిద పెట్టి కొబ్బరి పీచుతో తోముకుంటే ఆ నీళ్లని ఏ మొక్కా కాదనదు. సబ్బు కలిస్తే మాత్రం బోదె మూసేసి అరటికి ఒక్కదానికే మళ్లించాలి. అది తాగుబోతు, దానికి ఏదైనా ఒకటే అనేది.

కంద మాత్రం ఆ నీళ్ల దారిలో ఉండేది కాదు. నీరు నిలిస్తే కుళ్లిపోతుంది కాబట్టి పక్క గోడ వార మెరక మీద వేసేవాళ్లం. ఆ విత్తనం మా అత్తగారు తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. కోస్తే చేతులకి దురద ఉండదు, ఉడికితే వెన్నలా ఉంటుంది. ఏటా తవ్వుకుని, కళ్లున్న ముక్కలు పేడనీళ్లలో ముంచి, ఆరబెట్టి, మంచం కింద దాచి వేసవిలో మళ్లీ పాతేవాళ్లం. ఆవిడ పోయాక ఆ పని నాది.

దీనివల్ల నాకున్న సుఖం ఏమిటో చెప్పాలి. లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టి, అప్పుడు వెళ్లి పెరట్లో ఏముందా అని చూసేదాన్ని. ముందు అనుకుని వెళ్లడం ఉండేది కాదు. ఆనపకాయ లేతగా కనబడితే ఎండు మెత్తళ్ల చేపలు వేసి వండేదాన్ని. బచ్చలి ముదురుతోందనిపిస్తే రెండు కందముక్కలు తెచ్చి కలిపి, ఆవ పెట్టేదాన్ని. ఏమీ లేని రోజున చింతకాయ పచ్చడి ఉండనే ఉంది. రాలిన కొబ్బరి మట్ట పొయ్యిలోకి, దాని ఈనెలు చీపురుకి, పొయ్యిలో బూడిద అంట్లకి, అంట్ల నీళ్లు మళ్లీ చెట్టుకి. ఇంట్లోంచి ఏదీ బయటికి పోయేది కాదు, అనవసరంగా ఏదీ లోపలికి వచ్చేది కాదు. మాకు లేక ఇలా చేశామని అనుకుంటారు. మా ఆయన కరెంటాఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. మా అమ్మాయి అమలాపురంలో టీచరు. మాకు దేనికీ లోటు లేదు. ఆ పెరట్లో తిరుగుతుంటే నాకు బాగుండేది, అంతే.

మొన్న మే నెలలో మా చెల్లెలికి కంటి ఆపరేషన్ అయింది. రావులపాలెంలో ఉంటుంది. దానికి సాయంగా రెండు వారాలు వెళ్లాను. వెళ్లేముందు కందముక్కలు పాతి, పైన ఎండుటాకు కప్పి, బచ్చలికి నీళ్లు తప్పించవద్దని మా ఆయనకి చెప్పి వెళ్లాను.

"ఆయ్, అలాగే. నువ్వు నిశ్చింతగా వెళ్లు," అన్నారు. ఆ ఆయ్ అనడంలోనే ఏదో హుషారు ఉంది. అప్పుడు కనిపెట్టలేకపోయాను.

తిరిగి వచ్చిన రోజు మా అమ్మాయి స్కూటీ మీద బస్టాండుకి వచ్చింది. దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

"ఏటే, ఆ నవ్వు?"

"ఏం లేదమ్మా. ఇంటికెళ్లేక నువ్వే చెబుదువుగాని."

ఇంట్లోకి వెళ్లగానే నా కళ్లు మూసి, చెయ్యి పట్టుకుని వంటింటి గుమ్మం దాకా నడిపించింది. చేతులు తీసేసరికి ముందు నా కళ్లు చెదిరాయి. ఎండ తిరిగి మొహం మీదే కొట్టింది. గుమ్మం దగ్గర నుంచి వెనక గోడ దాకా తెల్లటి గచ్చు. అరటి లేదు. చేమ లేదు. బచ్చలి పందిరి లేదు. కొబ్బరి చెట్టు చుట్టూ గుండ్రంగా సిమెంటు గట్టు కట్టి దానికి నీలం రంగు వేశారు. మధ్యలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మా ఆయన ఒక కుర్చీ పక్కన, కొత్త చొక్కాలో, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

"మన పెళ్లిరోజుకి," అన్నారు. "ఇంక నువ్వు ఆ మోకాళ్ల నొప్పులతో బురదలో జారిపోతావన్న భయం లేదు. పాము భయం లేదు. కూర్చుని కాఫీ తాగొచ్చు."

"కంద ఏదండీ?"

"పనివాళ్లకి ఇచ్చేసేను. మొలకలొచ్చేయి కదా అని ఎవరో మొహమాటపడ్డారు. పర్వాలేదు పట్టుకెళ్లండమ్మా అన్నాను. నువ్వున్నా ఇచ్చేదానివే కదా?"

"రాయి?"

ఆయన మా అమ్మాయి వంక చూశారు. "పునాదిలో పడిపోయుంటది," అంది అది. "లోపల స్టీలు సింకు పెట్టించేం చూడమ్మా."

నా నోట మాట రాలేదు. సంతోషంతో మాట రాలేదని వాళ్లనుకున్నారు. మా ఇంట్లో నా మౌనానికి అదొక్కటే అర్థం.

ఆ ఆదివారం సాయంత్రం ఆ గచ్చు మీదే కృతజ్ఞతా కూడిక పెట్టారు. మా వాళ్లలో ఇది ఆనవాయితీ. ఇంట్లో ఏ మేలు జరిగినా, పరీక్ష పాసైనా, జబ్బు తగ్గినా, పాస్టరు అయ్యగారిని పిలిచి, నలుగురినీ కూర్చోబెట్టి దేవుడికి స్తోత్రం చెప్పి భోజనం పెడతారు. నాకు ఆ ఆనవాయితీ అంటే ప్రాణం. అందరినీ పిలిచేశాక నాకు చెప్పారు. నలభై కుర్చీలు అద్దెకి తెచ్చారు. పిల్లలు గచ్చు మీద పరుగులు పెడుతున్నారు. పెద్దవాళ్లు చెప్పులు విప్పి నడిచి, నున్నగా ఉందండీ, భలే చేయించేరండీ అంటున్నారు. వాళ్లు మెచ్చుకుంటున్న కొద్దీ నాకు అరికాళ్ల నుంచి మంట పైకి వచ్చేది.

పాటలయ్యాయి. వాక్యం చెప్పడం అయింది. అయ్యగారు కుర్రవాడు, మంచివాడు. లేచి నిలబడి, "ఇప్పుడు కృతజ్ఞతా ప్రార్థన మన అమ్మగారే చేస్తారండి. మన సంఘంలో కృతజ్ఞత అంటే అమ్మగారి తర్వాతే కదండీ ఎవరైనా," అన్నారు. అందరూ నవ్వి తలలు వంచుకున్నారు.

నేను లేచాను. కళ్లు మూసుకున్నాను. నలభై ఏళ్లుగా ఎక్కడ నిలబెట్టినా నాకు మాటలు వెతుక్కోవలసిన పని రాలేదు. ఆ రోజు ఒక్కటీ రాలేదు. కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఎవరో గొంతు సవరించారు. దేనికో చెప్పమ్మా అన్న మా నాన్న మాట గుర్తొచ్చింది. అబద్ధం చెప్పడానికి ఇంకెక్కడైనా నోరు తిరుగుతుందేమో, కళ్లు మూసుకున్నాక నాకు తిరగదు.

"ప్రభువా," అన్నాను. "ఈ గోడ వార కంద ఉండేది. నేను నిలబడ్డ చోట చేమ ఉండేది. అయ్యగారి కుర్చీ దగ్గర బచ్చలి ఉండేది. నన్ను ఎవరూ అడగలేదు. ఆమెన్."

అలవాటు కొద్దీ నలభై మందీ ఆమెన్ అన్నారు. అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

భోజనాల దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా వైపు మర్యాద అలాంటిది. కొంప మునిగిపోతున్నా పులుసు ఇంకొంచెం వేయమంటారా అని అడుగుతారు. మా ఆడపడుచు మాత్రం నా పక్కకి వచ్చి, విస్తళ్లు ఎత్తుతూ చెవిలో అంది.

"వదినా, అది ప్రార్థనా, పంచాయతీలో అర్జీయా?"

"ఏదైతేనేం. పైవాడికి చేరితే చాలు."

"చేరింది లే. కింద ఉన్నోళ్లకి కూడా చేరింది. మా అన్నయ్యకి ముద్ద దిగట్లేదు."

అందరూ వెళ్లాక మా అమ్మాయి వంటింట్లో నిలబడి ఏడ్చింది. అది ఏడవడం చూసి కూడా నా మనసు మెత్తబడలేదు. అది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

"పదిమందిలో నాన్నగారి పరువు తీసేవమ్మా."

"నేనెవర్నీ ఒక్క మాట అనలేదు."

"అనక్కర్లేదు. మా స్కూలు వాళ్లు కూడా వచ్చేరు. వాళ్ల ముందు, బచ్చలి పోయిందని. మనమేమన్నా కూరలు కొనుక్కోలేని వాళ్లమా? ఇంకా బూడిదతో అంట్లు తోముకుంటూ, మట్టి పిసుక్కుంటూ, ఎందుకమ్మా ఆ కూలి బతుకు? తాతగారితో పోయింది అది."

అదీ అసలు సంగతి. నా మోకాళ్లూ కాదు, పామూ కాదు. దాని కళ్లకి నా పెరడు పేదరికంలా కనబడింది. చేతికి మట్టి అంటితే ఇంకా ఎవరి చేలోనో పని చేస్తున్నట్టే దానికి. ఆ పెరట్లో కూర కాసినందుకే మీ నాన్న జీతం నీ చదువుకి మిగిలిందే అని ఒక్కమాట అంటే దాని నోరు మూతపడేది. నేను అనలేదు. అది నిజమే, కానీ అలా అంటే నేనేదో త్యాగం చేసినట్టు అవుతుంది. నేను ఏ త్యాగమూ చేయలేదు. రోజూ పొద్దున్నే లేచి నా సుఖం నేను అనుభవించాను. ఇతరుల చేలో పని చేసినవాడు మా నాన్న. ఇది నా నేల. ఈ రెంటికీ తేడా డిగ్రీలు చదివిన దానికి తెలియకపోతే నేనేం చెప్పను?

"కూలి బతుకంటే మనల్నడక్కుండా అన్నీ జరిగిపోయేది," అన్నాను. "నా ఇంట్లో కూడా నన్నడక్కుండానే చేసేరు మీరు."

అది పొద్దున్నే అమలాపురం వెళ్లిపోయింది.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పని ఏమీ తగ్గలేదు, పనిలో రుచి పోయింది. సింకులో నీళ్లు పోస్తే గొట్టంలో గుటకలేసిన చప్పుడై ఎటో పోయేవి. బియ్యం కడిగిన నీళ్లు పారబోయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. గిన్నెతో పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, ఎక్కడ పోయాలో తెలియక నిలబడిపోయేదాన్ని. కాళ్లకి ఆ దారి అలవాటు. మధ్యాహ్నం గచ్చు కాగి, వంటింట్లోకి పెనం మీది వేడిలా వేడి వచ్చేది. బండి మీద కూరలు కొన్నాను. నాలుగు రోజుల నాటి తోటకూర కట్ట చూస్తే ప్రాణం ఉసూరుమనేది. ఆ రెండు కుర్చీల్లో మేమిద్దరం ఒక్కరోజు కూడా కాఫీ తాగలేదు, కాలుతుంటే ఎవరు కూర్చుంటారు?

అన్నిటికన్నా కష్టం భోజనం ముందు ప్రార్థన. మా ఇంట్లో అది నేను చేసేది. కంచాల ముందు కూర్చుని మా ఆయన కళ్లు మూసుకునేవారు. నేను ఏమీ అనేదాన్ని కాదు. కాసేపు చూసి, ఆయనే రెండు ముక్కలు చెప్పుకుని అన్నం కలుపుకునేవారు. నాకు భయం వేసేది. పెరడు పోతే పోయింది, స్తోత్రం కూడా పోయిందేమో అని. అది లేకపోతే నేను ఎవరినో నాకే తెలియదు.

అయ్యగారు ఒకరోజు సైకిలు మీద వచ్చారు. మా ఆయన పంపి ఉంటారు.

"అమ్మగారూ, చిన్న విషయం కదండీ. మట్టే కదండీ," అన్నారు.

"మనిషిని కూడా మట్టితోనే చేసేరు కదండీ అయ్యగారు."

ఆయన గచ్చు వంక చూశారు. "ఆయ్. అదీ నిజవేనండి," అని, మజ్జిగ తాగి వెళ్లిపోయారు. మా ఆయన పంపిన పని మాత్రం ఆయనవల్ల కాలేదు.

జూన్‌లో మొదటి వాన పడింది. ఆ వాన చేసిన పని చూడండి. పాత పెరడు గుమ్మం దగ్గర మెరక, వెనక్కి వెళ్లిన కొద్దీ పల్లం. మా అత్తగారి బోదె ఆ వాలు చూసుకునే వెళ్లింది. గచ్చు పోసినవాళ్లు వెనక గోడ వైపు ఎత్తు పెంచి వాలు తిరగేశారు. పెరడంతటి నీళ్లూ కలిసి తిన్నగా వంటింటి గుమ్మం ఎక్కి లోపలికి వచ్చేశాయి. బియ్యం డబ్బా కింద నీళ్లు. గ్యాసు బండ కింద నీళ్లు. మా ఆయన పంచె ఎగ్గట్టి ప్లాస్టిక్ మగ్గుతో తోడి సింకులో పోస్తున్నారు. ఆ సింకు నీళ్లు మళ్లీ వెనక తూము నిండిపోయి గచ్చు మీదికే పొంగుతున్నాయి. కాసేపు చూశాక నేను చెప్పాను ఆ సంగతి. ముందే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

తెల్లారేసరికి తాపీ మేస్త్రి వచ్చాడు, గునపంతో ఒక మనిషి, తట్టతో ఒక ఆడమనిషి. ఆకాశం ఇంకా మూసుకునే ఉంది.

"ఏం లేదండి బాబూ," అన్నాడు మేస్త్రి. "మజ్జిలో ఓ రెండడుగుల మేర పగలగొట్టి కాలవ తీసేత్తే నీళ్లు ఎనక్కి ఎల్లిపోతాయండి."

"అయితే ఆలస్యం ఎందుకు, కొట్టెయ్యండి," అన్నారు మా ఆయన.

ఆ మాట విన్నాక నాకు వచ్చిన కోపం అంతకుముందు వచ్చిన కోపాలన్నిటినీ మించిపోయింది. నెలరోజులుగా నోరు కట్టుకుని ఈ ఇంట్లో తిరిగాను. పదిమందిలో లేచి దేవుడికి చెప్పుకున్నాను. ఈయనకి వినబడలేదు. ఒక్కరోజు వాన చెబితే వినబడింది. నేను వంటింటి పీట తెచ్చి, గచ్చు మీద, గునపం దింపబోయే చోట వేసుకుని కూర్చున్నాను.

"అమ్మగారండీ, తప్పుకోండి, రాళ్లు తగుల్తాయి."

"వానకోసమైతే కొట్టొద్దండి మేస్త్రి గారూ."

"మరి దేనికోసం కొట్టమంటారండి?"

"నేనడిగేనని కొడితే కొట్టండి. లేకపోతే ఉంచెయ్యండి. నీళ్లు లోపలికే రానివ్వండి. నేను మంచం మీద వండుకుంటాను."

మేస్త్రి తలగోక్కున్నాడు. "నాకు ఎవరికోసం కొట్టినా అదే కూలండి. మీరూ మీరూ తేల్చుకోండి," అని పక్కకెళ్లి బీడీ తీశాడు. తట్ట పట్టుకున్న ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఆయన నా ఎదురుగా నిలబడ్డారు. తిడతారేమో అనుకున్నాను. ఆయనకి తిట్టడం రాదు.

"పెళ్లయినకాడ్నించీ నువ్వు నాకిది కావాలని ఒక్కటి అడగలేదు. ఏదిచ్చినా స్తోత్రం అన్నావు. చీర తెస్తే స్తోత్రం. తేకపోతే స్తోత్రం. నీకేది ఇష్టమో, ఏది ఊరికే సరిపెట్టుకున్నావో నాకెలా తెలుస్తాది?"

ఆ మాటలో సగం నిజం ఉంది, ఆ సగానికే నాకు మరింత కోపం వచ్చింది. నా మంచితనాన్ని నా మీదికే విసిరినట్టు అనిపించింది. కానీ మా నాన్న నేర్పింది అది కాదు కదా. దేనికో చెప్పమనేవాడు. నేను కాపురానికి వచ్చాక దేనికో చెప్పడం మానేసి, అన్నిటికీ చెప్పడం మొదలుపెట్టాను. సులువు కాబట్టి.

"తెలియకపోతే అడగాలండి," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, పంచె సర్దుకుని, నా ముందు గొంతుక్కూర్చున్నారు.

"సరే. ఇప్పుడడుగుతున్నాను. ఎక్కడెక్కడ కొట్టమంటావు?"

గోడ పక్కన ఇటుక ముక్క ఒకటి పడి ఉంది. తీసుకున్నాను. తడి గచ్చు మీద ఇటుక ఎర్రగా బాగా పట్టింది. గుమ్మం దగ్గర రాయికి ఒక చదరం గీశాను. అక్కడి నుంచి బోదెకి రెండు గీతలు. అరటికి ఒక పెద్ద గుండ్రం. చేమకి, బచ్చలికి, ఆనప పాదుకి. కొబ్బరి చెట్టుకి కట్టిన నీలం గట్టు మీద అడ్డంగా ఒక గీత కొట్టాను. గోడ వారనంతా కందకి తీసుకున్నాను. వంగి గీసుకుంటూ పోతుంటే మోకాళ్లు నొప్పెట్టలేదు. అనుమానం లేకుండా లోపల పేర్లు కూడా రాశాను, క అనీ, చ అనీ, బ అనీ. మా ఆయన నా వెనకే నడుస్తూ ఒక్కొక్కటీ చదువుకున్నారు.

మేస్త్రి బీడీ ఆర్పేసి వచ్చి చూశాడు. "అమ్మగారండీ, ఇంక మిగిలిందేటండీ?"

"అదిగో, ఆ మూల. ఆయన కుర్చీ వేసుకుంటారు."

"రెండు కుర్చీలు పడతాయా?" అని అడిగారు మా ఆయన. నన్ను అడిగారు.

"చూద్దాం," అన్నాను.

రెండు రోజులు కొట్టారు. రెండో రోజు గుమ్మం దగ్గర పెళ్లలు తీస్తుంటే రాయి బయటపడింది. నిలువునా పగిలి రెండయింది. పెద్ద ముక్క వేయించుకున్నాను. దాని మీద ఒకసారికి ఒక గిన్నె కన్నా పట్టదు. ఆ కింద మట్టి తెల్లబారి, సున్నం వాసన వేస్తూ, గట్టిగా అణిగిపోయి ఉంది. దానికి ప్రాణం రావడానికి ఎన్ని తట్టల పేడ కావాలో, ఎన్నాళ్లు కావాలో తెలియదు. మా అమ్మాయికి ఫోనులో వాళ్ల నాన్న చెప్పినట్టున్నారు. అది నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు, నేనూ దానితో అంతే. అన్నీ ఒక్కసారి బాగుపడిపోయాయని రాస్తే అబద్ధం.

పని ముగిసిన మర్నాడు తట్ట మోసిన ఆడమనిషి మళ్లీ వచ్చింది. గుమ్మంలోకి రాకుండా దొడ్డివైపు నుంచి పిలిచింది. నెత్తి మీద పాత సిమెంటు సంచి, అందులోంచి పచ్చటి కాడలు పైకి నిలబడి ఉన్నాయి.

"మీ కందేనండి. ఆరోజు బాబుగారు ఇచ్చేసేరు కదండీ. అందరం పంచుకున్నావండి. మిగతావోళ్లు వండేసుకున్నారండి. నావి కళ్లు బాగున్నాయండి. మొలకొచ్చిందాన్ని కోసి తినబుద్ది కాలేదండి. మట్టేసి ఉంచేను."

"నీకు నేల ఉందామ్మా?"

"నాకెక్కడిదండి. గుమ్మం కాడ సంచిలోనే. మీరు ఆరోజు పీటేసుక్కూర్చున్నారు కదండీ, అప్పుడనుకున్నానండి, ఇది ఈవిడ గారికి ఇచ్చెయ్యాలని."

సంచి దింపి చూశాను. నాలుగు మొలకలు. ఒకదాని ఆకు గొడుగులా విచ్చుకుంది. ఇతరుల ఇంట్లో తట్టలు మోసే మనిషి, తిండికి ఇచ్చినదాన్ని తినకుండా నెల రోజులు నీళ్లు పోసి పెంచింది. నాకు ఏడుపు వచ్చింది. నెలరోజుల్లో అదే మొదలు. అక్కడే, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని స్తోత్రం చెప్పాను. కంద పేరు పెట్టి చెప్పాను. ఆవిడ గాభరాపడి, "అయ్యో, ఏటండీ ఇది," అని చేతులు లాక్కోబోయింది. రెండు మొలకలు నేను ఉంచుకుని, రెండు ఆవిడకి తిరిగి ఇచ్చాను. అంత మెరక జాగా నా గోడ వార ఉంది, ఆ రెండూ కూడా ఇక్కడే పాతుకుని, తవ్వుకునేటప్పుడు రమ్మన్నాను. ఆయ్ అంది.

ఆ మధ్యాహ్నం మా ఆయన తవ్వారు, నేను పాతాను. ఆయన గునపం వేస్తే వంకరగా పడుతుంది. ఇక్కడా అని ప్రతి దెబ్బకీ అడుగుతూనే ఉన్నారు. విసుగొచ్చింది. అయినా ఇక్కడే అని ప్రతిసారీ చెప్పాను.

అన్నం దగ్గర కూర్చున్నాం. కూర బండి మీద కొన్న దొండకాయే. ఆయన కళ్లు మూసుకుని ఎదురు చూశారు. నేను కూడా మూసుకున్నాను. తట్ట మోసిన అమ్మ కోసం దేవుడికి స్తోత్రం చెప్పాను. నాలుగు కంద మొలకలకి చెప్పాను. పగిలినా పనికొచ్చిన రాయికి చెప్పాను. ఎక్కడ కొట్టమంటావు అని ఆయన అడిగిన మాటకి చెప్పాను. అమలాపురంలో అలిగి కూర్చున్న పిల్లని కాపాడమని అడిగాను.

గచ్చు గురించి ఏమీ అనలేదు. ఆయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు, ఇంకేదో వస్తుందన్నట్టు. నేను ఆమెన్ అని అన్నం వడ్డించాను.